పుస్తకం తెరిచి పట్టుకున్న పిల్ల

పోయినవారం మనం కండక్టరమ్మను డిపో గేటు దగ్గర వదిలేసి వచ్చాం. డ్యూటీ దిగి, ఇంటికి పోయి కాసేపు కాళ్ళు చాపుకుందామని వస్తున్న మనిషికి గేటు పక్కన కొత్త టీచర్ ఎదురైంది. "మీ అమ్మాయి గురించి ఒక్క మాట మాట్లాడాలండీ" అంది. అక్కడ ఆగాం.

కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్ళకోసం రెండు ముక్కలు. ఆ బడి సర్కారు బడి. మూడో తరగతిలో పిల్లలు అరవై దాటారు. ఒకే గది, ఒకే మేడమ్. ఆవిడ హాజరు పిలవడం అయ్యేసరికి మొదటి పీరియడ్ కాస్తా అయిపోయేది. ఇంకో టీచర్ని ఇవ్వండి మహాప్రభో అంటే పైవాళ్ళు ఇదిగో అదిగో అన్నారే తప్ప ఇచ్చింది లేదు. అప్పుడు కండక్టరమ్మ నడుం బిగించింది. మన బడికి మనమే ఒక టీచర్ని పెట్టుకుందామని తన రూటు పొడుగునా చెప్పుకుంటూ పోయింది. ఎక్కేవాళ్ళను వదల్లేదు, దిగేవాళ్ళను ఊరికే దిగనివ్వలేదు. చివరికి పేటవాళ్ళందరినీ బడి ఆవరణలో కూర్చోబెట్టి, తన కూతురు గువ్వను బల్ల ఎక్కించింది. గువ్వ పుస్తకం తెరిచి పట్టుకుని పాఠం గడగడా చదివేసింది. అంత కిక్కిరిసిన గదిలోనే ఈ పిల్ల ఇలా చదివితే, కాస్త గాలాడే గదిలో మిగతావాళ్ళు ఇంకెలా చదువుతారో అనుకున్నారు జనం. జేబుల్లో చేతులు పెట్టి చందాలు తీశారు. కొత్త టీచర్ వచ్చింది, పెద్ద గది మధ్య చెక్క అడ్డు లేచింది, తరగతి రెండయింది. అర్ధ సంవత్సరం చూద్దాం, బాగుంటే కొనసాగిద్దాం అన్నది ఒప్పందం. ఆ గడువు ముగిసింది. వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగు. గువ్వ మళ్ళీ బల్ల ఎక్కి చదవాలని అప్పుడే అందరూ అనేసుకున్నారు కూడా.

డిపో లోపల పాత టైర్ల షెడ్డు ముందు ఒక సిమెంటు బల్ల ఉంది. ఇద్దరూ దాని మీద కూర్చున్నారు. టీచర్ తన కూతుర్ని పొగడటానికే వచ్చిందని కండక్టరమ్మకు గట్టి నమ్మకం. పొగడ్త వినేముందు కాస్త వినయం చూపించాలి కదా, అందుకని తనే మొదలుపెట్టింది.

"గువ్వేమన్నా అల్లరి చేసిందా టీచర్‌గారూ? చేస్తే రెండు అంటించండి. నేనేమీ అనుకోను."

"అల్లరి కాదండీ. అది బంగారం." టీచర్ గొడుగు మడత సర్దుకుంది. "గువ్వకి చదవడం రాదు."

కండక్టరమ్మ నవ్వింది. "మీరు ఇంకెవరి పిల్ల గురించో చెబుతున్నారు."

"గువ్వ గురించేనండీ. అక్షరాలు కొన్ని గుర్తుపడుతుంది. రెండు కలిపితే రాదు. పాఠాలన్నీ చెవులతో నేర్చుకుంది. బొమ్మ చూసి ఆ పాఠం అందుకుంటుంది. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా దానికి తెలుసు. పెద్ద తరగతిలో అందరూ కలిసి ఒక్కసారే వల్లె వేసేవాళ్ళు కదా, ఆ గోలలో ఎవరికీ తెలియలేదు. పాపం ఆ మేడమ్‌ని అనడానికీ లేదు. చదవలేని పిల్లల్ని చూసుకోవడానికే ఆవిడకి టైము చాలేది కాదు, చదివే పిల్లని ఎక్కడ పరీక్షిస్తుంది?"

కండక్టరమ్మ నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ లోపల ఆరిపోయింది. బస్సులో ఎంత గొడవైనా గొంతు లేపకుండా సర్దిచెప్పే మనిషి, ఇప్పుడు గొంతు లేపకుండానే కోపం తెచ్చుకుంది.

"ఇన్నాళ్ళూ లేనిది ఈ వారమే తెలిసిందా మీకు? మీటింగు ముందు?"

"తెలిసి కొన్నాళ్ళయింది. మధ్యాహ్నం పూట పక్కన కూర్చోబెట్టుకుని మొదటినుంచీ నేర్పుతున్నాను. చిన్న చిన్న మాటలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. ఇంకాస్త వచ్చాక మీకు చెబుదామనుకున్నాను. ఈలోగా మీటింగు వచ్చిపడింది."

"ఎలా తెలిసింది? దాని వెనకాల పడి పరీక్షలు పెట్టారా?"

"ఎలా తెలిసిందన్నది మాత్రం నన్ను అడక్కండి. అది నేను చెప్పాల్సింది కాదు."

ఆ జవాబు కండక్టరమ్మకు అస్సలు నచ్చలేదు. టీచర్ అది గమనించనట్టే తన మాట తను చెప్పుకుపోయింది. "ఆదివారం గువ్వని బల్ల ఎక్కించకండి. అంతే నేను అడిగేది."

"ఎక్కించకపోతే ఎందుకని అడగరూ? ఏం చెప్పమంటారు? చదవడం రాని పిల్లను చూపించి మీ దగ్గర చందాలు పట్టుకున్నామని చెప్పనా? ఆ మాట అన్న మర్నాడు మీ ఉద్యోగం ఉంటుందా?"

"ఉండకపోవచ్చు." టీచర్ ఆ మాట చాలా మామూలుగా అంది. రాత్రంతా ఆలోచించుకుని వచ్చిన మనిషిలా ఉంది. "కానీ ఇంకొక్కసారి దానికి చప్పట్లు కొట్టారంటే ఇక నేర్చుకోదండీ. చప్పట్లు వదులుకోవడం పెద్దవాళ్ళకే కష్టం. అది ఎనిమిదేళ్ళ పిల్ల."

ఇంకేమీ అనకుండా లేచి, నమస్కారం పెట్టి, గొడుగు ఊపుకుంటూ వెళ్ళిపోయింది. కండక్టరమ్మ ప్రతినమస్కారం పెట్టలేదు. చేతులు రాలేదు.

రోజూ బడి వదిలాక గువ్వ డిపోకి వచ్చి, టైమ్‌కీపర్ కాబిన్ మెట్ల మీద కూర్చుని అమ్మకోసం చూస్తూంటుంది. డిపోలో వాళ్ళకు అదొక కాలక్షేపం. గేటులోకి బస్సు వస్తుండగానే అది ఏ రూటుదో దూరంనుంచే చెప్పేస్తుందని డ్రైవర్లు ముచ్చటపడేవారు. ఆ ముచ్చటే ఇప్పుడు కండక్టరమ్మకు గుర్తొచ్చింది. బోర్డులు చదివే పిల్లకు చదువు రాదంటుందా, చూద్దాం ఎవరి మాట నిజమో అనుకుంది. కాబిన్ గోడకు ఆనించి పెట్టిన రేకు బోర్డుల్లోంచి 'పెద్దాసుపత్రి' బోర్డు తీసింది. షెడ్డులో నిలిపిన మిల్లు గేటు బస్సు ముందున్న బోర్డు లాగేసి దాని స్థానంలో ఇది దూర్చింది.

"గువ్వా, ఇలా రా. ఇది ఏ బస్సే?"

గువ్వ తలెత్తి ఒక్కసారి చూసింది. "మిల్లు గేటు."

"ఎలా చెప్పావు?"

"బంపరు ఎడంపక్క వంగింది కదమ్మా."

"బంపరు కాదు. బోర్డు చూసి చెప్పు."

గువ్వ బోర్డు వైపు చూసింది. చూస్తూనే ఉంది. పెదాలు మెల్లగా కదిలాయి. షెడ్డు అవతల ఎవరో బకెట్‌తో బస్సు కడుగుతున్నారు. ఆ నీళ్ళు కాలవ కట్టి వాళ్ళ చెప్పుల దాకా వచ్చాయి. "పె..." అంది గువ్వ. అక్కడే ఆగిపోయింది. అమ్మ మొహం చూసింది, మళ్ళీ బోర్డు చూసింది, తల దించేసుకుంది.

కండక్టరమ్మకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. రోజూ అంతమంది చేతుల్లో టిక్కెట్టు ఇట్టే సరిచూసే కళ్ళు, ఇంట్లో కన్నకూతురు చేతిలో పుస్తకాన్ని సరిచూడలేకపోయాయి. బిడ్డ ఎంత బాగా చదువుతోందో అని వంట చేస్తూ విని మురిసిపోయిందే గానీ, ఒక్కనాడూ పక్కన కూర్చుని వేలు పెట్టి చూడలేదు. పక్కవాటాలో పెద్దపిల్లలు గట్టిగా చదువుతుంటే ఈ పిల్ల గుమ్మంలో ఎందుకు కూర్చునేదో ఇప్పుడు అర్థమైంది. బోర్డు తీసి మళ్ళీ గోడకు ఆనించి, మిల్లు గేటు బోర్డు దాని చోట పెట్టింది. గువ్వ పలికిన ఆ ఒక్క అక్షరమే నిజంగా చదివిన అక్షరమని కూడా ఆమెకు తోచింది.

ఇంటిదారిలో గువ్వ అమ్మ చెయ్యి పట్టుకుని చాలాదూరం నడిచింది. మందుల షాపు మలుపు తిరిగాక అడిగింది.

"అమ్మా, టీచర్ని పంపించేస్తారా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నేను చదివాననే కదా టీచర్ వచ్చింది. నాకు రాదని తెలిస్తే పంపించేస్తారు కదా. మళ్ళీ ఆ అడ్డు తీసేసి అందర్నీ ఒకే గదిలో కూర్చోబెడతారు."

ఇంత బరువు ఎన్నాళ్ళనుంచి మోస్తోందో ఆ పిల్ల. కండక్టరమ్మ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఇంట్లో అత్తగారు సంగతంతా విని పెద్దగా కంగారు పడలేదు. ఆవిడ దేనికీ కంగారు పడదు, అదొక వరం. గువ్వ తండ్రి లారీ మీద వెళ్ళి వారాల తరబడి రాకపోయినా ఆవిడ నిద్రకు ఏ లోటూ ఉండదు.

"ఇంతేనా? ఆదివారం ఒక్కరోజు గట్టెక్కనియ్యవే అమ్మాయ్. ఆ పాఠమే మళ్ళీ చెప్పిస్తే సరి. అది ఎక్కడా తప్పు పోదు. తర్వాత తీరిగ్గా నేర్చుకుంటుంది."

"మోసం కాదా అత్తయ్యా?"

"ఎవర్ని ముంచావని? నీ ఇంటికి తెచ్చుకున్నావా ఆ సొమ్ము? అంతమంది పిల్లలు సుఖంగా కూర్చుని చదువుకుంటున్నారు. ఇప్పుడు నువ్వు నోరు విప్పావంటే వాళ్ళందరి నోట్లో మట్టి కొట్టినదానివవుతావు. నా మాట విను."

చెప్పొద్దూ, కండక్టరమ్మకు ఆ మాట హాయిగా ఉంది. అత్తా కోడళ్ళు ఏకాభిప్రాయానికి రావడం ఆ ఇంట్లో అరుదు. ఈసారి అది కూడా జరిగిపోయేదే. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఒక దగ్గు వినిపించింది.

ఇనుపకొట్టు బాబాయి దగ్గు అది. చందాదారుల్లో పెద్దచెయ్యి ఆయనదే. తన కొట్లోకి వచ్చే మేకును కూడా వంచి చూసుకుంటాడని పేరు. మొదటి మీటింగులో ఆయన చెయ్యెత్తాకే బజారులో మిగతావాళ్ళు ఎత్తారు. చంకలో ఖాకీ కాగితం చుట్టిన పొట్లం ఒకటి పెట్టుకుని లోపలికి వచ్చాడు.

"కూర్చోండి బాబాయిగారూ" అంటూ కండక్టరమ్మ కుర్చీ జరిపింది.

"కూర్చుంటాను గానీ, ముందు మనవరాలిని పిలువు." ఆయన పొట్లం విప్పాడు. కొత్త కథల పుస్తకం. అట్ట ఇంకా నిగనిగలాడుతోంది. "మా బజారులో ఇద్దరు ముగ్గురు కూస్తున్నారమ్మాయ్. పోయినసారి ఈ పిల్ల చేత పాఠం కంఠతా పట్టించారట. నాకు ఒళ్ళు మండింది. నేను కళ్ళారా చూశాను, చెవులారా విన్నాను, నోర్ముయ్యండన్నాను. అందుకే ఇది తెచ్చాను. ఎవరూ చూడని పుస్తకం. ఆదివారం అక్కడికక్కడే ఏదో ఒక పేజీ తీసి చదివిందనుకో, ఒక్కడు నోరెత్తడు. ఇంకో ఏడాది చందా నేను నిలబడి కట్టిస్తాను."

మేకును సైతం వంచి చూసుకునే మనిషి ఈ ఒక్కదాన్నీ వంచకుండానే నమ్మాడు.

"ఏదీ తల్లీ, ఒక పేజీ చదివి వినిపించు. తాతయ్య వింటాడు."

గువ్వ పుస్తకం అందుకుంది. పేజీలో బొమ్మ చూసింది. గట్టున ఒక ముసలాయన, పక్కన పడవ, పడవ కొసన తెల్లగా ఏదో మూట. పుస్తకాన్ని ఎప్పటిలాగే గుండెలకు ఎదురుగా, చక్కగా తెరిచి పట్టుకుని మొదలుపెట్టింది.

"ఒక ఊళ్ళో ఒక తాత ఉండేవాడు. ఆ తాతకు ఒక పడవ ఉండేది. ఒకరోజు ఆ పడవలోకి ఒక తెల్ల మేక వచ్చి కూర్చుంది. 'నన్ను అవతలి ఒడ్డుకు తీసుకుపో తాతా' అని అడిగింది..."

ఎక్కడా తడబాటు లేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, మేక మాటలకు గొంతు సన్నం చేసింది, సమయం చూసి పేజీ తిప్పింది. బాబాయి కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. వంటింటి గుమ్మంలో అత్తగారు హమ్మయ్య అన్నట్టు తలుపుకు ఆనుకుంది. కండక్టరమ్మ మాత్రం కూతురి వెనక నిలబడి పేజీ చూస్తోంది. ఆ రాతలో తాత ఉన్నాడు, పడవ ఉంది, పడవలో ఉప్పు బస్తా ఉంది. మేక ఊసే లేదు.

"భలే మేక" అన్నాడు బాబాయి కళ్ళు తెరిచి. "తర్వాత ఏమైందో ఏమో, ఏదీ నేనూ చూస్తాను." చొక్కా జేబులో చెయ్యి పెట్టి కళ్ళజోడు తీశాడు. ఒక చెవికి తగిలించాడు.

భోజనాల వేళయిందని పుస్తకం లాక్కోవచ్చు. టీ తెస్తానని మాట మార్చొచ్చు. ఆయన అనుమానించే మనిషైతే కండక్టరమ్మ అదే చేసేదేమో. నమ్మిన మనిషి దగ్గర చేతకాలేదు. ముందుకు వంగి అరచెయ్యి పేజీకి అడ్డం పెట్టింది.

"కళ్ళజోడు పెట్టుకోకండి బాబాయిగారూ. అక్కడ మేక లేదు."

ఆయనకు అర్థం కాలేదు. కండక్టరమ్మ అర్థమయ్యేట్టు చెప్పింది. పోయినసారి చదివిందీ చదువు కాదని, తనకు ఇవాళే తెలిసిందని, నమ్మితే నమ్మమని, లేకపోతే ఆయన ఇష్టమని చెప్పింది. ఏడవలేదు. స్టాపు పేరు చెప్పినంత సూటిగా చెప్పేసింది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతూనే ఉండిపోయింది.

"నా మాట మీద నలుగురు ఇచ్చారమ్మాయ్."

"తెలుసు బాబాయిగారూ."

"మరి ఇన్ని నెలలు ఆ టీచర్ ఏం చేసినట్టు? పక్కనే ఉండి కనిపెట్టలేకపోయిందా?"

"ఆవిడే కనిపెట్టింది."

"టీచర్ కనిపెట్టలేదు తాతయ్యా" అంది గువ్వ. తల ఎత్తలేదు. పుస్తకం ఇంకా తెరిచే పట్టుకుని ఉంది. "నేనే చెప్పాను."

పెద్దవాళ్ళిద్దరూ అటు తిరిగారు. టీచర్ ఎందుకు ఆ మాట దాటేసిందో, అది ఎవరు చెప్పాల్సిన మాటో కండక్టరమ్మకు అప్పుడు తెలిసింది.

"ఎప్పుడు చెప్పావే?"

"మా గది వేరయ్యాక. ఒకరోజు టీచర్ నా పక్కన కూర్చుని పెన్సిలు చెక్కి ఇస్తోంది. అప్పుడు చెవిలో చెప్పాను."

"అదేదో ముందే ఆ మేడమ్‌కి చెప్పి ఉండొచ్చు కదమ్మా?" అన్నాడు బాబాయి. గొంతులో కోపం లేదు, అడగాలని అడిగాడు.

గువ్వ ఆయన వైపు చూసింది. ఇంత పెద్దాయనకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "చెవిలో చెప్పాలంటే దగ్గరకి రావాలి కదా తాతయ్యా. మేడమ్ మా బెంచీ దాకా ఎప్పుడూ రాలేదు. మధ్యలో అందరూ ఉండేవాళ్ళు."

బాబాయి కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఆ చిన్న పనికి ఆయనకు చాలాసేపు పట్టింది. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఈ మాట ఆదివారం అందరి ముందూ చెబితే ఏమవుతుందో నాకు తెలియదమ్మాయ్. నవ్వేవాళ్ళు నవ్వుతారు. చందా ఆగిపోయినా ఆగిపోతుంది, నేను మాటివ్వలేను. కానీ చెప్పకపోతే నేను మాత్రం చెయ్యెత్తను. పుస్తకం ఇక్కడే ఉంచుతున్నాను. ఏం చేస్తారో మీరే ఆలోచించుకోండి."

ఆయన వెళ్ళాక వంటింట్లో అత్తగారు గిన్నె మీద మూత సర్దింది. గువ్వ నేల మీద కూర్చుని, మేక లేని ఆ పేజీ మళ్ళీ తెరిచింది. మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

"అమ్మా, ఇలా దగ్గరకి రా" అంది. "నీకూ ఒకటి చెప్పాలి. చెవిలో."

కండక్టరమ్మ యూనిఫాం చీర కుచ్చిళ్ళు మడుచుకుని పక్కన చతికిలబడింది. జుట్టు వెనక్కి తోసుకుని, కూతురి నోటి దగ్గర చెవి పెట్టింది. గువ్వ చెప్పింది. రెండో మూడో మాటలు, అంతే. కండక్టరమ్మ కూతురి మొహం వైపు ఒక్క క్షణం చూసి లేచింది. విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కుని, ఎక్కడికే అని అత్తగారు అడుగుతున్నా వినిపించుకోకుండా, టీచర్ ఇంటివైపు గబగబా నడిచింది. చెవిలో పడిన ఆ మాటేమిటో వచ్చేవారం చెప్పుకుందాం.